కంట్రోల్ రూం బయట నిలబడ్డోళ్ళు
ఆటోమేషన్ శిక్షణ – దళిత యువత

మా చిన్నాయన కొడుకు ఐటిఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు చదివిండు. మా ఇంటిపేరు మీద ఒక సర్కారు సర్టిఫికెట్ రావడం అదే మొదలు. నా డిగ్రీ ఆ తర్వాత వచ్చింది. హైదరాబాద్ శివార్లలో ఒక మందుల ఫ్యాక్టరీలో కాంట్రాక్టరు కింద పనికి కుదిరిండు. పేరుకు ఎలక్ట్రికల్ హెల్పరు. మొదటి నాలుగు నెలలు డ్రమ్ములు దొర్లించుడు, ప్యానెల్ గది ఊడ్చుడు, కేబుల్ గుంత తవ్వుడు, ఇదే పని. పనిలో చేరిన రోజు సూపర్‌వైజరు అడిగిన మొదటి ప్రశ్న "ఏం చదివినవ్" కాదు, "మీదే ఊరు, ఇంటిపేరేంది" అని.

ఒక రాత్రి షిఫ్టులో కూలింగ్ వాటర్ ట్యాంకు మట్టం తెర మీద 60 శాతం దగ్గర ఆగిపోయింది. రెండు గంటలైనా అదే అంకె. పంపు నీళ్ళు గుంజుతనే ఉంది. నీళ్ళు తోడుతుంటే మట్టం మారకుండా ఎట్ల ఉంటదని మావోడికి అనుమానమొచ్చింది. పోయి ప్యానెల్ దగ్గరున్న ఆపరేటరుకు చెప్పిండు. "కాంట్రాక్టోడివి, ప్యానెల్ కాడ నీకేం పని, బయటికి నడువ్" అన్నడు ఆయన. తెల్లవారుజామున ట్యాంకు ఎండిపోయింది. పంపు నీళ్ళు లేకుండా తిరిగి సీలు కాలిపోయింది. తర్వాత ఇప్పి చూస్తే ట్యాంకులో బుడగ తుప్పు పట్టి ఇరుక్కుని ఉంది. మట్టం తగ్గితే పంపును ఆపాల్సిన రక్షణ ఏర్పాటు కూడా ఆ ఒక్క బుడగ మీదనే ఆధారపడి ఉంది. కాబట్టి అది కూడా పనిచేయలేదు. రిపోర్టులో మాత్రం "హెల్పరు అజాగ్రత్త" అని రాసిండ్రు. మూడు రోజుల కూలి కోసిండ్రు.

ఈ సంఘటన విన్నప్పటినుంచి నన్నొక ప్రశ్న వదలడం లేదు. తప్పు పట్టగలిగిన జ్ఞానం మావోడికి ఉంది. ఆ జ్ఞానాన్ని వాడే హక్కు లేదు. ఈ రెండింటి మధ్య ఉన్న దూరాన్ని మనం "నైపుణ్యం లేకపోవడం" అని పిలవొచ్చా? ప్రభుత్వాలు, పరిశ్రమలు అట్లనే పిలుస్తున్నయి. అందుకే ఆటోమేషన్ అంటే ఏమిటి, ఆ చదువు ఎక్కడ దొరుకుతది, అందులో మన పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నరు అనే విషయాలను విడమరిచి చెప్పుకోవాల్సిన అవసరముందని భావించి ఈ వ్యాసం రాస్తున్నాను.

నీరడి చేసిన పని ఏమిటి?

ఆటోమేషన్ అనగానే మనకు మరమనుషులు, విదేశీ యంత్రాలు గుర్తొస్తాయి. కానీ దాని మూలసూత్రం మన ఊళ్ళ చెరువు కట్టమీద ఉంది. తెలంగాణ పల్లెల్లో చెరువు తూము తీసే మనిషిని నీరడి అంటారు. రాయలసీమలో నీరుగంటి అంటారు. చాలా ఊళ్ళలో ఈ పని చేసింది మాల మాదిగలే. నీరడి ఏం చేస్తడు? చెరువులో నీళ్ళెంత ఉన్నయో చూస్తడు. కింద మళ్ళు ఎంత తడిసినయో చూస్తడు. ఎంత నీళ్ళు పోవాల్నో లెక్కగడతడు. తూమును అంతమేరకు తీస్తడు. మళ్ళీ పోయి మడి చూస్తడు. ఎక్కువైతే తూము దించుతడు, తక్కువైతే ఎత్తుతడు.

చూడటం, పోల్చడం, సరిచేయడం, మళ్ళీ చూడటం. ఇంజనీరింగ్ కాలేజీలో దీనినే ఫీడ్‌బ్యాక్ కంట్రోల్ అంటారు. ఫ్యాక్టరీలో నీరడి కంటి స్థానంలో సెన్సారు ఉంటది. లెక్కగట్టే బుర్ర స్థానంలో కంట్రోలరు ఉంటది. తూము ఎత్తే చెయ్యి స్థానంలో కంట్రోల్ వాల్వో మోటారో ఉంటది. డప్పును మంటకు కాపుతూ, కొట్టి వింటూ, శ్రుతి కుదిరేదాకా మళ్ళీ కాపే మా నాయినకు కూడా ఈ సూత్రం తెలుసు. ఆయనకు తెలియనిది దాని ఇంగ్లీషు పేరే.

ఇది మనవాళ్ళను పొగడటానికి చెప్తున్న మాట కాదు. నీరడికి ఆ జ్ఞానానికి తగిన కూలి రాలేదు, గౌరవం అసలే రాలేదు. తూము ఎప్పుడు తీయాల్నో నిర్ణయించే అధికారం పటేలుది, పెద్ద భూమి ఉన్నోళ్ళది. జ్ఞానం ఒకరిది, ఆజ్ఞ ఇంకొకరిది. ఈ విభజన చెరువు కట్ట మీద మొదలై కంట్రోల్ రూం దాకా వచ్చిందని నా వాదన.

4 నుంచి 20 దాకా

ఈ రంగంలో పని చేయాలంటే తెలుసుకోవాల్సిన మొదటి సంగతి ఒకటుంది. ట్యాంకు దగ్గరున్న ట్రాన్స్‌మిటరు తాను కొలిచిన దాన్ని కంట్రోలరుకు ఒక విద్యుత్ ప్రవాహంగా పంపుతది. ఆ ప్రవాహం 4 మిల్లీ ఆంపియర్ల నుంచి 20 మిల్లీ ఆంపియర్ల దాకా ఉంటది. ట్యాంకు ఖాళీ అయితే 4, నిండితే 20. సున్నా నుంచి ఎందుకు మొదలుపెట్టలేదు? సున్నా అని వస్తే ట్యాంకు ఖాళీ అయిందో, వైరు తెగిపోయిందో చెప్పలేం. 4 నుంచి మొదలైతే ఖాళీ ట్యాంకు కూడా తాను ఖాళీ అని చెప్పగలదు. ప్రవాహం సున్నాకు పడిందంటే లైను తెగినట్టు లెక్క.

ఇప్పుడొక లెక్క. ఒక పీడన ట్రాన్స్‌మిటరు 0 నుంచి 10 బార్ దాకా కొలుస్తది. మీటరు పెట్టి చూస్తే 8 మిల్లీ ఆంపియర్లు వచ్చింది. పీడనం ఎంత? 8 లోంచి 4 తీసేస్తే 4. మొత్తం వెడల్పు 16. 4ను 16తో భాగిస్తే నాలుగో వంతు. 10 బార్‌లో నాలుగో వంతు 2.5 బార్. ఇది పదో తరగతి నిష్పత్తుల లెక్క. నేను వాడలో సెలవుల్లో పాఠం చెప్పినప్పుడు తొమ్మిదో తరగతి పిల్ల నాకంటే ముందు జవాబు చెప్పింది.

వేడి కొలిచే పిటి-100 అనే సెన్సారూ అంతే. అది ప్లాటినం తీగ. సున్నా డిగ్రీల దగ్గర దాని నిరోధం 100 ఓమ్‌లు, 100 డిగ్రీల దగ్గర 138.5 ఓమ్‌లు. మల్టీమీటరు పెట్టి ఓమ్‌లు చూసి సెన్సారు బాగుందో చెడిందో చెప్పొచ్చు. తెలిసిన విలువను ఇచ్చి, పరికరం సరైన జవాబు ఇస్తుందా లేదా అని పరీక్షించి, సరిచేయడాన్ని క్యాలిబ్రేషన్ అంటారు. ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్ రోజూ చేసే పనిలో పెద్ద భాగం ఇదే. దీనికి కావాల్సింది ఓపిక, చేతివాటం, ఆ మాత్రం లెక్క. ఇంజనీరింగ్ పట్టా కాదు.

ఎలక్ట్రీషియన్ల కోసం పుట్టిన యంత్రం

1968లో అమెరికాలో జనరల్ మోటార్స్ కంపెనీకి ఒక ఇబ్బంది ఉండేది. కార్ల గేరుపెట్టెలు తయారుచేసే యంత్రాలను వందలాది రిలేలతో నింపిన పెద్ద పెద్ద ప్యానెళ్ళు నడిపేవి. మోడలు మారినప్పుడల్లా వైర్లన్నీ పీకి మళ్ళీ కట్టాలె. వైరింగ్ మార్చకుండా ప్రోగ్రాం మారిస్తే సరిపోయే యంత్రం కావాలని ఆ కంపెనీ అడిగింది. బెడ్‌ఫర్డ్ అసోసియేట్స్ అనే సంస్థలో డిక్ మోర్లీ, ఆయన సహచరులు తయారుచేసిన మోడికాన్ 084 అనే యంత్రం 1969లో వచ్చింది. ఇదే తొలి ప్రోగ్రామబుల్ లాజిక్ కంట్రోలర్లలో ఒకటి. మనం పిఎల్‌సి అనేది దీన్నే.

దీని ప్రోగ్రామింగ్ భాషను నిచ్చెన బొమ్మలాగా తయారుచేసిండ్రు. దాన్ని ల్యాడర్ అంటారు. రెండు నిలువు గీతలు, మధ్యలో మెట్లు, ఒక్కో మెట్టు మీద స్విచ్చులు, చివర ఒక కాయిల్. ఎందుకిట్ల పెట్టిండ్రంటే, రిలే సర్క్యూట్ బొమ్మలు చదవడం అలవాటైన ఫ్యాక్టరీ ఎలక్ట్రీషియన్లు కంప్యూటర్ చదువు లేకుండానే దాన్ని చదవగలగాలని. అంటే ఈ యంత్రం పుట్టినప్పుడే కార్మికుడి చేతికి అందేటట్టు పుట్టింది. 1993లో అంతర్జాతీయ ప్రమాణం వచ్చి ఐదు ప్రోగ్రామింగ్ పద్ధతులను గుర్తించింది. అందులో ల్యాడర్‌కు చోటు పోలేదు. ఇప్పటికీ ఎక్కువ ఫ్యాక్టరీల్లో మెయింటెనెన్స్ వాళ్ళు చదివేది దాన్నే.

రసాయన కర్మాగారాలు, రిఫైనరీలు, విద్యుత్ కేంద్రాలలో ఇంకో తరహా వ్యవస్థ వచ్చింది. 1975లో హనీవెల్, యోకొగావా కంపెనీలు డిస్ట్రిబ్యూటెడ్ కంట్రోల్ సిస్టంలను మార్కెట్‌కు తెచ్చినయి. వందల వేల కొలతలు ఒక గదిలోకి వస్తాయి. నలుగురైదుగురు కూర్చుని ప్లాంటు మొత్తం చూస్తారు. దూరాన ఉన్న పంపుహౌసులు, పైపులైన్లు, సబ్‌స్టేషన్లను తెర మీద చూసి నడిపే దాన్ని స్కాడా అంటారు.

మన దగ్గర జరిగిందేమంటే, ఎలక్ట్రీషియన్ చదవడానికి తయారైన బొమ్మను ఎలక్ట్రీషియన్‌కు చూపించకుండా దాచిండ్రు. ప్రోగ్రాం ఉన్న ల్యాప్‌టాప్ ఇంజనీరు సంచిలో ఉంటది. పాస్‌వర్డ్ ఆయన నోట్లో ఉంటది. డ్రాయింగులు బీరువాలో ఉంటయి. బీరువా తాళం ఎవరి దగ్గరుంటదో మనకు తెలుసు. చదువు గుట్టుగా ఉంచుకోవడం ఈ దేశంలో కొత్త సంగతి కాదు.

యంత్రం కులాన్ని పోగొడుతుందా?

యంత్రాలొస్తే కులం పోతుందని మన ప్రగతివాద మిత్రులు చాలాకాలం నమ్మిండ్రు. బొంబాయి బట్టల మిల్లుల చరిత్ర వేరే మాట చెప్తుంది. అక్కడ అంటరాని కులాల కార్మికులు నూలు ఖాతాలో పనిచేసేవాళ్ళు, కూలి ఎక్కువుండే నేత ఖాతాలోకి రానిచ్చేవాళ్ళు కాదు. నేతలో తెగిన దారాన్ని నోటితో తడిపి అతకాలె. దళితుడి ఎంగిలి తగిలిన దారాన్ని ముట్టమని సవర్ణ కార్మికులు అన్నరు. 1928 సమ్మె కాలంలో అంబేద్కర్ ఈ విషయాన్ని కార్మిక నాయకుల ముందు పెట్టిండు. మగ్గం విలాయతీది, ఎంగిలి లెక్క మాత్రం మనదే. కులం పనిని మాత్రమే కాదు, పనిచేసే మనుషులనే మెట్లు మెట్లుగా విడదీస్తుందని 1936లో ఆయన రాసింది ఇటువంటి అనుభవాల తర్వాతే.

1942లో వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబరు అయిన సంవత్సరమే, అంబేద్కర్ షెడ్యూల్డు కులాల ఇబ్బందుల మీద వైస్రాయికి ఒక విజ్ఞాపన ఇచ్చిండు. అందులో ఉన్నత విద్యతో పాటు సాంకేతిక శిక్షణ కూడా అడిగిండు. ప్రభుత్వ ముద్రణాలయాలు, రైల్వే వర్క్‌షాపుల్లో మన పిల్లలను అప్రెంటిసులుగా తీసుకోవాలన్నది ఆ ఆలోచన. సాంకేతిక విద్య అంటే చిన్న చదువు అని ఆయన అనుకోలేదు. ఆధునిక ఉత్పత్తిలోకి ప్రవేశం అనుకున్నడు. మనలో ఐటిఐని ఫెయిలైనోళ్ళ చదువుగా చూసే అలవాటు ఉంది. అది మనది కాదు, చేతిపనిని నీచంగా చూసే వర్ణధర్మం నుంచి అంటుకున్న జబ్బు.

స్వాతంత్ర్యం తర్వాత హైదరాబాద్ చుట్టుపక్కల బిహెచ్‌ఇఎల్, ఐడిపిఎల్, హెచ్‌ఎంటి, 1967లో ఇసిఐఎల్, తర్వాత విశాఖలో ఉక్కు ఫ్యాక్టరీ వచ్చినయి. ప్రభుత్వ రంగంలో రిజర్వేషన్ల వల్ల మొదటిసారి మాల మాదిగ వాడల నుంచి ఫిట్టర్లు, టర్నర్లు, ఎలక్ట్రీషియన్లు పర్మినెంటు కార్మికులయ్యిండ్రు. క్వార్టర్లు, ఆసుపత్రి, పిల్లలకు చదువు దొరికింది. ఈ రోజు యూనివర్సిటీల్లో మాట్లాడుతున్న దళిత మేధావుల్లో చాలామంది ఇండ్లలో అటువంటి ఒక నాయినో మేనమామో ఉంటడు. 1991 తర్వాత ఈ దారి మూసుకుపోతూ వచ్చింది. కొన్ని ఫ్యాక్టరీలు మూతపడ్డయి, ఉన్నవాటిల్లో భర్తీలు ఆగినయి. 2021 జనవరిలో విశాఖ ఉక్కు అమ్మకానికి కేంద్ర మంత్రివర్గ సంఘం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ లేదు. సరిగ్గా ఈ కాలంలోనే ఫ్యాక్టరీల్లోకి ఆటోమేషన్ పెద్ద ఎత్తున వచ్చింది. అందువల్ల మనవాళ్ళకు ఆటోమేషన్, కాంట్రాక్టు పని జంటగా పరిచయమైనయి.

చదువు మెట్లు

కేంద్రం 1950లో ప్రారంభించిన క్రాఫ్ట్స్‌మెన్ ట్రైనింగ్ పథకం కిందనే ఐటిఐలు నడుస్తున్నయి. ఆటోమేషన్ వైపు పోవాలనుకునే పిల్లలు తెలుసుకోవాల్సిన ట్రేడులు కొన్నే. ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్, ఎలక్ట్రానిక్స్ మెకానిక్, ఎలక్ట్రీషియన్. ఇవన్నీ రెండేళ్ళవి. రసాయన కర్మాగారాలకైతే ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ కెమికల్ ప్లాంట్, అటెండెంట్ ఆపరేటర్ కెమికల్ ప్లాంట్ అనే ట్రేడులు కూడా ఉన్నయి. మన పిల్లలు ఎక్కువగా ఏ ట్రేడులో పడుతున్నరో ఉపాధ్యాయులు ఒకసారి లెక్క తీయాలె. దరఖాస్తు నింపేటప్పుడు పక్కనున్నవాళ్ళు ఏది చెప్తే అది రాసే పిల్లలే ఎక్కువ. ఆడపిల్ల అయితే అడగకుండానే కుట్టుపని అని రాసేస్తరు. కంట్రోల్ ప్యానెల్ వైరింగ్‌కు, క్యాలిబ్రేషన్‌కు ఆడపిల్లలు పనికిరారని ఏ శాస్త్రం చెప్పలేదు.

తెలంగాణ ప్రభుత్వం టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ప్రభుత్వ ఐటిఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని మొదలుపెట్టింది. 2024 జూన్ 18న మల్లేపల్లి ఐటిఐలో శంకుస్థాపన జరిగింది. వీటికోసం ప్రకటించిన దీర్ఘకాలిక కోర్సులు ఆరు. అందులో మాన్యుఫాక్చరింగ్ ప్రాసెస్ కంట్రోల్ అండ్ ఆటోమేషన్ ఒకటి, ఇండస్ట్రియల్ రోబోటిక్స్ అండ్ డిజిటల్ మాన్యుఫాక్చరింగ్ టెక్నీషియన్ ఒకటి. ఈ రెండూ ఏడాది కోర్సులు. 2025 మే నెలలో కేంద్ర మంత్రివర్గం దేశంలో వెయ్యి ఐటిఐల ఆధునీకరణకు వేరే పథకం ఆమోదించింది. డబ్బు వస్తుంది, యంత్రాలు వస్తయి. ఆ యంత్రం ముందు ఎవరు నిలబడతరు, ఎవరు దూరంనుంచి చూస్తరు అనేది పథకం కాగితంలో ఉండదు. దాన్ని మనమే పోయి చూడాలె.

హైదరాబాద్ రామంతాపూర్‌లో ఎలక్ట్రానిక్స్, ప్రాసెస్ ఇన్‌స్ట్రుమెంటేషన్ కోసమే పెట్టిన కేంద్ర శిక్షణా సంస్థ ఉంది. ఇప్పుడు దాన్ని ఎన్‌ఎస్‌టిఐ అంటున్నరు. బాలానగర్‌లో 1968 నుంచి సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది. ఊళ్ళలో మన పిల్లలకు ఈ పేర్లే తెలియవు. తెలిసేది బస్టాండు గోడ మీద అతికించిన ప్రైవేటు కాలేజీ పోస్టరు.

ఐటిఐతో చదువు ఆగిపోదని కూడా చెప్పాలె. రెండేళ్ళ ట్రేడు పాసైనవాళ్ళకు ప్రవేశ పరీక్ష ద్వారా పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరే అవకాశముంది. డిప్లొమా పాసైతే ఈసెట్ రాసి బి.టెక్. రెండో ఏడాదిలో చేరొచ్చు. పాఠం చెప్పాలనుకుంటే ఇన్‌స్ట్రక్టర్ శిక్షణ ఉంది. దళిత ఇన్‌స్ట్రక్టర్ ఉన్న వర్క్‌షాపులో దళిత విద్యార్థి చేతికి స్క్రూడ్రైవర్ తొందరగా వస్తదని నేను కలిసిన ప్రతి పిల్లవాడూ చెప్పిండు.

భాష సంగతి ఒకటుంది. పిఎల్‌సి మాన్యువల్ ఇంగ్లీషులో ఉంటది. తెలుగు మీడియం పిల్లవాడు ఆ పుస్తకం చూసి మొదటి నెలలోనే చేతులెత్తేస్తడు. ఐటిఐ పాఠ్యపుస్తకాల కోసం 1986లో చెన్నైలో పెట్టిన కేంద్ర సంస్థ ప్రాంతీయ భాషల్లో కూడా పుస్తకాలు తెస్తున్నది. కానీ అనువాదం చదివితే ఇంగ్లీషే నయం అనిపించే చోట్లున్నయి. నిజానికి ల్యాడర్ ప్రోగ్రాం రాయడానికి కావాల్సిన ఇంగ్లీషు మాటలు వందకు మించవు. ఆ వంద మాటలకు తెలుగులో వివరణ రాసి పంచితే సగం భయం పోతది. ఇంగ్లీషు వద్దనడం లేదు. ఇంగ్లీషు మనకు కావాలె. అది గేటు కాపలాదారుగా ఉండొద్దంటున్నాను.

అప్రెంటిస్ చట్టంలో ఉన్నది, లేనిది

ట్రేడు పాసైన తర్వాత అసలు పని నేర్చుకునేది అప్రెంటిస్‌షిప్‌లో. 1961 నాటి అప్రెంటిసుల చట్టం దీన్ని నడిపిస్తుంది. 30 మంది, ఆపైన పనిచేసే సంస్థలు తమ సిబ్బందిలో రెండున్నర నుంచి 15 శాతం దాకా అప్రెంటిసులను తీసుకోవాలని 2019లో సవరించిన నియమాలు చెప్తున్నయి.

చాలామంది కార్యకర్తలకు కూడా తెలియని సెక్షను ఒకటుంది. 1973లో ఈ చట్టంలో 3-ఎ చేర్చిండ్రు. దాని ప్రకారం నిర్ణీత ట్రేడుల్లో శిక్షణ స్థానాల్లో షెడ్యూల్డు కులాలకు, తెగలకు కొన్ని కేటాయించాలె. రాష్ట్రాన్నిబట్టి నిష్పత్తి నియమాల్లో ఉంటది. ఇక్కడ గమనించాల్సింది ఏమంటే, ఈ చట్టం ప్రైవేటు సంస్థలకు కూడా వర్తిస్తుంది. ప్రైవేటు ఫ్యాక్టరీ గేటు లోపల మన వాటాను చట్టంలో రాసిపెట్టిన అరుదైన చోటు ఇది. ప్రైవేటు రంగంలో రిజర్వేషన్లు కావాలని సభలు పెడుతున్న మనం, ఉన్న ఈ సెక్షను అమలవుతుందా అని ఏ ఫ్యాక్టరీనీ అడిగింది తక్కువ.

అదే చట్టంలో మనకు వ్యతిరేకంగా ఉన్నదీ చెప్పుకోవాలె. సెక్షను 18 ప్రకారం అప్రెంటిస్ శిక్షణార్థి, కార్మికుడు కాదు. సాధారణ కార్మిక చట్టాలు అతనికి వర్తించవు. సెక్షను 22 ప్రకారం శిక్షణ అయ్యాక ఉద్యోగం ఇవ్వాలనే బాధ్యత యజమానికి లేదు. 2014 సవరణతో భర్తీ విధానం యజమానే తయారుచేసుకోవాలన్నరు. అందువల్ల ఏటా కొత్త అప్రెంటిసులను తెచ్చుకొని, స్టైపెండుతో పని వెళ్ళదీసుకొని పంపించే ఫ్యాక్టరీలున్నయి. సర్టిఫికెట్‌లో ఏడాది అనుభవం, చేతిలో చీపురు అనుభవం మిగిలిన పిల్లలు నాకు తెలుసు.

సెన్సారు లేని చోట ఏం జరిగింది?

ఈ చదువు ఉద్యోగం కోసమే కాదు. మన వాడలు ఫ్యాక్టరీ గోడల పక్కనున్నయి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జి పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది చనిపోయిండ్రు. రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ ఆ ఏడాది జులైలో నివేదిక ఇచ్చింది. ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు అడుగున మాత్రమే ఉందని, పై పొరల్లో వేడి ఎంత పెరిగిందో తెలుసుకునే ఏర్పాటు లేదని అందులో తేలింది. చల్లబరిచే వ్యవస్థను సాయంత్రం 5 నుంచి పొద్దున 8 దాకా ఆపేస్తున్నరని తేలింది. ప్రమాదం జరిగినప్పుడు సైరన్ మోగలేదు.

ఈ మూడింటిలో ఏదీ రాకెట్ విజ్ఞానం కాదు. ట్యాంకు పైభాగంలో ఒక పిటి-100 పెట్టి, ఇంత వేడి దాటితే గంట మోగాలని ఒక మెట్టు ల్యాడర్ రాస్తే అయ్యే పని. పైపొరకు కొలత లేదు కాబట్టి పైపొరలో ప్రమాదం లేదనుకున్నరు. మావోడి ఫ్యాక్టరీలో నీళ్ళ పంపు కాలిపోయింది, ఇక్కడ మనుషులు పోయిండ్రు. రెండింటిలోనూ తెర మీది అంకెను నమ్మి, దాని వెనకున్నదాన్ని ప్రశ్నించకపోవడమే కారణం. ఫ్యాక్టరీ పక్క ఊళ్ళల్లో ఈ భాష తెలిసిన పదిమంది యువకులుంటే, తనిఖీ అధికారిని "మీ ట్యాంకు మీద సెన్సార్లు ఎక్కడెక్కడ ఉన్నయి, చివరిసారి ఎప్పుడు క్యాలిబ్రేట్ చేసిండ్రు, సైరన్ ఎప్పుడు పరీక్షించిండ్రు" అని అడగగలరు. దళిత ఉద్యమానికి ఇది కొత్త తరహా ప్రశ్న కావొచ్చు. అవసరమైన ప్రశ్న.

యంత్రం ఎక్కడికి రాదు?

ఆటోమేషన్ ఉద్యోగాలు మింగుతుంది గదా, దాని వెనక మనం ఎందుకు పడాలె అని కొందరు మిత్రులు అడుగుతున్నరు. ప్యాకింగ్, లోడింగ్, వెల్డింగ్ వంటి చోట్ల మనుషులు తగ్గుతున్నరు. ముందు పోయేది కాంట్రాక్టు కూలీలు, అంటే మనవాళ్ళే. ఇది నిజం. కానీ ఇంకో వైపు చూడండి. యంత్రం ముందుగా రావాల్సిన చోటు మ్యాన్‌హోల్. పాకీ పనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చినయి. అయినా మురుగు గుంతల్లో మనుషులు దిగుతనే ఉన్నరు, చస్తనే ఉన్నరు. గేరుపెట్టె తయారీకి 1969లో వచ్చిన పరిష్కారం మురుగు కాలువ దాకా రావడానికి ఏం అడ్డమొచ్చింది? అక్కడ చచ్చే మనిషి చౌక కాబట్టి. ఆటోమేషన్ ఎక్కడికి పోవాల్నో మార్కెట్ నిర్ణయిస్తుందంటారు. మన దేశంలో ఆ మార్కెట్‌కు కులం సలహాదారు.

కాబట్టి యంత్రాన్ని వద్దనడం మన విధానం కాజాలదు. యంత్రం ఎక్కడికి రావాలె, దాన్ని ఎవరు నడపాలె, దానివల్ల పోయిన పనికి బదులు ఏమివ్వాలె అనేవి మనం అడగాల్సిన ప్రశ్నలు. అవి అడగాలంటే లోపల ఉండాలె. లోపల ఉండాలంటే నేర్చుకోవాలె.

మోసపోకుండా ఉండటానికి

అమీర్‌పేటలో, జిల్లా కేంద్రాల్లో పిఎల్‌సి, స్కాడా నేర్పుతమని, ఉద్యోగం గ్యారంటీ అని బోర్డులు పెట్టేవాళ్ళున్నరు. కొందరు బాగానే నేర్పుతరు. చాలాచోట్ల కంప్యూటర్ తెర మీద బొమ్మలు కదిలించి పంపిస్తరు. అప్పుచేసి ఫీజు కట్టే ముందు పిల్లలు పోయి చూడాల్సినవి కొన్ని ఉన్నయి. నిజమైన పిఎల్‌సి ఉందా, ఒక్కోదాని దగ్గర ఎంతమంది కూర్చుంటున్నరు? దానికి స్విచ్చులు, సెన్సార్లు, మోటారు మనచేత వైరింగ్ చేయిస్తరా? ట్రాన్స్‌మిటరు క్యాలిబ్రేషన్ చేయిస్తరా? మోటారు వేగం మార్చే డ్రైవ్ ఉందా? కావాలని తప్పు పెట్టి, అది పట్టుకొమ్మని పరీక్ష పెడతరా? సర్టిఫికెట్ ప్రభుత్వ గుర్తింపుదా, సంస్థ సొంతదా? తప్పు పట్టడం నేర్పని చోట డబ్బు కట్టొద్దు. ఈ వృత్తిలో జీతం వచ్చేది తప్పు పట్టినందుకే.

ఏం చేయాలె?

ఉపాధ్యాయులు పదో తరగతి పిల్లలకు మార్చి పరీక్షల ముందే ఐటిఐ ట్రేడుల పట్టిక చదివి వినిపించాలె. ఒక్క ఆదివారం దగ్గరున్న ప్రభుత్వ ఐటిఐకి గానీ, పంపుహౌసుకు గానీ తీసుకుపోవాలె. ఆడపిల్లల తల్లులను కూడా పిలవాలె.

విద్యార్థి సంఘాలు తమ జిల్లాలోని ప్రతి ఐటిఐలో ట్రేడువారీగా ఎస్సీ విద్యార్థులెంతమంది, ఖాళీ ఇన్‌స్ట్రక్టరు పోస్టులెన్ని, పనిచేసే యంత్రాలెన్ని అని సమాచార హక్కు కింద అడగాలె. ఎస్సీలలో ఏ ఉపకులం పిల్లలు ఎక్కడున్నరో కూడా చూడాలె. పదునైన ట్రేడుల్లో మాదిగ పిల్లలు, చిన్న ఉపకులాల పిల్లలు ఉన్నరా లేరా అన్నది మనలో మనం దాచుకోవాల్సిన ప్రశ్న కాదు.

కార్యకర్తలు ఫ్యాక్టరీల్లో సెక్షను 3-ఎ అమలు లెక్క అడగాలె. అప్రెంటిస్ రోజువారీ పని రాసుకునే పుస్తకం తెరిచి చూడాలె. అందులో "ప్యానెల్ వైరింగ్" అని రాసి ఉన్న రోజు పిల్లవాడు నిజంగా ఏం చేసిండో వాణ్నే అడగాలె.

మా తమ్ముడు ఇప్పుడు వేరే ఫ్యాక్టరీలో ఉన్నడు. అక్కడా కాంట్రాక్టే. కానీ పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్షకు చదువుతున్నడు. పోయిన పండక్కి ఇంటికొచ్చినప్పుడు నన్నొకటి అడిగిండు. "అన్నా, ఆ రాత్రి నేను చెప్పిన మాట లాగ్‌బుక్కులో రాయమని ఎందుకు పట్టుబట్టలేదంటవ్?" నా దగ్గర జవాబు లేకపోయింది. "రాయొచ్చని నాకు తెల్వదు. ఎవరూ చెప్పలే. ఇప్పుడైతే తప్పు కనపడంగనే టైం వేసి, సంతకం పెట్టి రాస్తున్న" అన్నడు.

ఐటిఐలో చేరే ప్రతి పిల్లవాడికీ మల్టీమీటరుతో పాటు ఈ సంగతి కూడా మనం చెప్పి పంపాలె.